వాహన వైద్యం: ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఇంటి దగ్గరే దించవచ్చా?

ప్రశ్న: మాది పన్నెండేళ్ల నాటి డీజిల్ ఫోర్ బై ఫోర్ బండి, ఆటోమేటిక్. చదును రోడ్డు మీద బాగానే పోతుంది. తిరుమల ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి ఇంజను అరుస్తుంది గానీ బండి లాగదు. కాసేపు ఆపి మళ్లీ తీస్తే కదులుతుంది. గేర్‌బాక్సు దించాల్సిందేనని షెడ్డులో అంటున్నారు. నిజంగా దించాలా సార్?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: దించాలని చెప్పినవాళ్లు పాన్ (గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి చూశారా అని ముందు అడగండి. చూడకుండా చెప్పి ఉంటే ఆ మాట మీద డబ్బు పెట్టకండి.

మొదట ఆయిల్ మట్టం. బండిని 15–20 కిలోమీటర్లు నడిపి, చదునైన చోట ఆపి, ఇంజను ఆడుతుండగానే బ్రేకు తొక్కి లివరును ఒక్కో గేరులో రెండు మూడు సెకన్లు ఉంచుతూ అన్నీ తిప్పండి. మళ్లీ పార్కులో పెట్టి (కొన్ని బండ్లకు న్యూట్రల్, బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది) డిప్‌స్టిక్ చూడండి. చల్లగా ఉన్నప్పుడో, ఇంజను ఆపాకో చూసిన మట్టం లెక్కలోకి రాదు. ఆయిల్ తక్కువైతే ఎత్తు ఎక్కేటప్పుడు పాన్‌లో ఉన్న కాస్తా వెనక్కి పోతుంది, ఫిల్టరు మూతి గాలి పీలుస్తుంది, ప్రెషరు పడిపోయి క్లచ్ ప్లేట్లు జారతాయి. చదునులో బాగుండి ఘాట్‌లో మొరాయించే బండికి ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

ఆ తర్వాత రంగు, వాసన. ఎర్రగానో ముదురు ఎరుపుగానో ఉంటే భయం లేదు. కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగి మాడువాసన కొడితే క్లచ్ ప్లేట్లు కాలాయి. గులాబీ రంగు పాలలా ఉంటే రేడియేటరులో ఉన్న ఆయిల్ కూలరు చిల్లుపడి కూలెంట్ ఇందులో కలిసింది. ఈ మూడోది కనిపిస్తే బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. నీళ్లు తగిలితే ప్లేట్ల మీది పూత ఊడిపోతుంది.

మీ బండి కాసేపు ఆపితే మళ్లీ పోతుందంటున్నారు. ఫిల్టరు పూడుకుపోయినప్పుడు సరిగ్గా అలాగే జరుగుతుంది. నడుస్తున్నంతసేపూ చెత్త ఫిల్టరుకు అతుక్కుంటుంది, ఇంజను ఆపగానే కిందికి రాలుతుంది. పాన్ విప్పండి. అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల. మెరిసే ఇనుప తునకలు, ఇత్తడి రంగు ముక్కలు, నల్లటి పొలుసులు కనిపిస్తే మాత్రం బాక్సు దించక తప్పదు.

ఫిల్టరు, సొలెనాయిడ్లు (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వులు), వాల్వ్ బాడీ (గేర్లు మార్చే ఆయిల్ దారుల దిమ్మ) – ఇవన్నీ ఈ తరహా బండ్లలో సాధారణంగా పాన్ విప్పితే చేతికి అందుతాయి. గేర్లు మారేటప్పుడు కుదుపులు, ఒకే గేరులో ఉండిపోవడం లాంటివి చాలావరకు అక్కడే తేలతాయి. బాక్సు దించాల్సింది మూడు నాలుగు పనులకే: బెల్ హౌసింగు (ఇంజనుకు బిగిసే, బాక్సు ముందరి గంట ఆకారపు భాగం) అడుగు నుంచి ఎర్ర ఆయిల్ కారుతుంటే (పంపు సీలు), టార్క్ కన్వర్టరు (ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా బాక్సుకు అందించేది) పాడైతే, ఇంజను నిదానంగా ఆడేటప్పుడు అక్కడ టకటక మోగుతుంటే (ఇంజను వెనక కన్వర్టరును తిప్పే పల్చటి చక్రం, అంటే ఫ్లెక్స్ ప్లేటు, పగిలినట్టు), లోపలి క్లచ్‌లు కాలితే. అదే చోటి నుంచి కారేది నల్లగా ఉంటే అది ఇంజను ఆయిల్. దానికీ బాక్సు దించాలి గానీ, తప్పు బాక్సుది కాదు, ఇంజను వెనక సీలుది.

ప్రశ్న: గేర్‌బాక్సు దించక తప్పదని పాన్ విప్పాకే తేలింది. ఇంటి ఆవరణలో కడప బండలు పరిచిన చోటు ఉంది. అన్నదమ్ములం ఇద్దరం, మాన్యువల్ బండ్ల గేర్‌బాక్సులు దించిన అలవాటు ఉంది. ఆటోమేటిక్, అందులోనూ ఫోర్ బై ఫోర్ ఇదే మొదలు. ఏ వరసలో చేయాలి? ఏం జాగ్రత్తపడాలి?
– ఇద్దరు అన్నదమ్ములు, తిరుపతి

జవాబు: ఎండీవర్ 3.0, స్కార్పియో ఆటోమేటిక్ ఫోర్ బై ఫోర్, రెక్స్‌టన్ లాంటి బండ్లన్నిటికీ అమరిక ఒకటే. ఛాసీ మీద ఇంజను బండి పొడవు వెంట ఉంటుంది, దాని వెనక గేర్‌బాక్సు, ఆ వెనక ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె), అక్కడి నుంచి ముందుకొకటి వెనక్కొకటి ప్రొపెల్లర్ షాఫ్టులు. బోల్టుల లెక్క బండిని బట్టి మారినా పని వరస మారదు.

ముందు నేల సంగతి. కడప బండ పైకి గట్టిగా కనిపిస్తుంది, కింద ఉండేది ఇసుక. రెండు టన్నుల బండిని నాలుగు స్టాండ్ల మీద నిలిపితే ఒక్కో స్టాండు అడుగున సుమారు అరటన్ను పడుతుంది. స్టాండు పెట్టబోయే ప్రతి బండనూ సుత్తితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ఆ చోటు వదిలేయండి. గట్టి శబ్దం వచ్చిన చోట కూడా రెండంగుళాల మందం, అడుగున్నర చదరపు చెక్క వేసి దాని మీదే స్టాండు పెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వాడొద్దు. అవి ముందుగా చెప్పకుండా పగులుతాయి. మూడు టన్నుల స్టాండ్లు నాలుగు, ఛాసీ కింద. విప్పిన చక్రాలను, స్టెప్నీని ఛాసీ కిందికి పడుకోబెట్టి తోయండి. స్టాండు జారినా మనిషికి చోటు మిగలాలి. బండి ఎక్కించాక ఇద్దరూ పక్క నుంచి గట్టిగా ఊపి చూడండి. ఊగితే దించి మళ్లీ పెట్టండి. ఈ ఊపి చూడటం అయ్యేదాకా ఎవరూ కిందికి దూరకూడదు.

ఎత్తు ఎంత ఉండాలన్నది ముందే కొలుచుకోండి. బెల్ హౌసింగు ఒక్కటే సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తు, దాని కింద జాకీ 15–20. అంటే ఛాసీ కింద 60 సెంటీమీటర్ల దాకా ఖాళీ లేకపోతే బాక్సు దిగుతుంది గానీ బయటికి రాదు. అంత ఎత్తు స్టాండ్లు లేకపోతే, దించిన బాక్సును జాకీ మీద నుంచి గోనెపట్టా మీదికి జార్చి, పట్టాతో సహా లాగాలి.

బ్యాటరీ నెగెటివ్ వైరు మొదట తీయండి. స్టార్టరుకు వచ్చే లావు వైరులో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. పానా తగిలితే నిప్పులే. తర్వాత పాన్ డ్రెయిన్ చేయండి, గోరువెచ్చగా ఉన్నప్పుడు. ఘాట్ దిగి వచ్చిన వెంటనే విప్పితే ఆ ఆయిల్ చెయ్యి కాలుస్తుంది. పాన్‌లోంచి 4 నుంచి 6 లీటర్లు వస్తుంది. మిగతాది కన్వర్టరులో, కూలరు గొట్టాల్లో ఉండిపోతుంది. ఎంత వచ్చిందో కొలిచి రాసుకోండి. ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ వేరు, దాని డ్రెయిన్ వేరు.

ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పేముందు ఫ్లాంజి మీద, షాఫ్టు మీద ఒకే గీతగా పెయింటు గుర్తు పెట్టండి. తిప్పి బిగిస్తే అరవై దాటిన వేగంలో బండి వణుకుతుంది, ఆ వణుకు ఎక్కడిదో వెతకడానికి నెల పడుతుంది. జాయింట్ కప్పులు రాలకుండా టేపు చుట్టండి. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: షాఫ్టులు తీశాక లివరు పార్కులో ఉన్నా బండి ఆగదు. పార్కు అనేది గేర్‌బాక్సు లోపలి పన్ను, షాఫ్టు లేకపోతే చక్రాలతో దానికి సంబంధం లేదు. అందుకే బండి ఇంకా నేల మీద ఉన్నప్పుడు, చక్రాలకు అడ్డు పెట్టకుండా షాఫ్టులు తీయొద్దు.

సైలెన్సరు గొట్టం అడ్డొస్తే తీయాలి. పాత బండిలో ఆ నట్లు తుప్పుతో కరుచుకుని ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేస్తే పొద్దునకి తిప్పడం కాస్త తేలికవుతుంది. స్టార్టరు, షిఫ్ట్ కేబులు, వైరింగు కప్లర్లు, బ్రీథరు గొట్టం, డిప్‌స్టిక్ గొట్టపు క్లాంపు – ఒక్కోటీ విప్పాక ఫోన్‌లో ఫోటో తీసుకోండి. కప్లర్ల లాకులు పదేళ్ల వేడికి పెళుసుబారి ఉంటాయి, లాగొద్దు, సన్నటి స్క్రూడ్రైవరుతో లాకు ఎత్తి విడదీయండి. కూలరు గొట్టాల నట్లకు రెండు పానాలు కావాలి, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. ఒక్క పానాతో తిప్పితే గొట్టం మెలిపడుతుంది. విడిచిన మూతులకు పాలిథిన్ చుట్టి రబ్బరుబ్యాండు వేయండి. మన వైపు గాలిలో ఎర్రమట్టి దుమ్ము ఎంత ఉంటుందో తెలిసిందే. ఆటోమేటిక్‌కు ఆ దుమ్ము విషం.

ఇప్పుడు మాన్యువల్‌కూ దీనికీ ఉన్న అసలు తేడా. మాన్యువల్‌లో బెల్ హౌసింగు బోల్టులు తీస్తే బాక్సు వచ్చేస్తుంది. ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టరు ఒక పక్క ఫ్లెక్స్ ప్లేటుకు బోల్టులతో బిగిసి ఉంటుంది, ఇంకో పక్క బాక్సులోని పంపులో కూర్చుని ఉంటుంది. కన్వర్టరు బాక్సుతోనే రావాలి, బాక్సుతోనే పోవాలి. ఆటోమేటిక్‌ల మీద ఇళ్లలో జరిగే నష్టాల్లో పెద్ద వాటా ఈ ఒక్క వాక్యం తెలియక జరిగేదే.

కన్వర్టరు బోల్టులు నాలుగో ఆరో ఉంటాయి. స్టార్టరు తీసిన రంధ్రంలోంచో, కింద రేకు మూత తీస్తేనో ఒక్కొక్కటే కనిపిస్తుంది. ఇంజను ముందువైపు క్రాంకు పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి, ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ ఒక్కో బోల్టూ రంధ్రం ఎదుటికి తెచ్చుకోవాలి. డీజిల్ ఇంజను కంప్రెషన్ దగ్గర బిగుస్తుంది, రెండడుగుల బారు ఉంటే తేలిక. ఈ బోల్టులు చాలా పొట్టివి, విడిగా డబ్బాలో పెట్టండి. వేరే పొడుగు బోల్టు ఒక్కటి ఇందులో పడితే అది కన్వర్టరు రేకును లోపలికి నొక్కేస్తుంది, లోపల లాకప్ క్లచ్ (వేగం పెరిగాక కన్వర్టరును జారకుండా పట్టే క్లచ్) ఆనే ముఖం చెడుతుంది. ఫ్లెక్స్ ప్లేటుకూ కన్వర్టరుకూ కలిపి ఒక పెయింటు గుర్తు.

ట్రాన్స్‌ఫర్ కేసును విడిగా ముందే దించండి. బాక్సు కన్వర్టరుతో కలిసి 80–100 కిలోలు, ట్రాన్స్‌ఫర్ కేసు 30–45 కిలోలు. రెండూ కలిపి దించబోతే బరువు వెనక్కీ పక్కకీ లాగుతుంది, జాకీ మీద నిలవదు. చుట్టూ ఉన్న ఆరో ఎనిమిదో బోల్టులు తీసి, కేసును సమంగా పట్టుకుని నేరుగా వెనక్కి లాగాలి. షాఫ్టు పళ్ల మీద వేలాడదీయకూడదు.

ఇక బరువు మార్చే ఘట్టం. గేర్‌బాక్సు జాకీ అద్దెకు తెచ్చుకోండి, మామూలు ట్రాలీ జాకీ చిన్న తల మీద బాక్సు దొర్లుతుంది. పాన్ సొట్టపోకుండా మధ్యలో ప్లైవుడ్ ముక్క వేసి, ర్యాచెట్ బెల్టుతో బాక్సును జాకీకి కట్టండి. ఇంజను వెనక అంచు కింద, బ్లాకుకు దగ్గరగా, అడ్డ చెక్కతో రెండో జాకీ. సంపు (ఇంజను ఆయిల్ తొట్టి) మధ్యలో పల్చటి రేకు ఉంటుంది, అక్కడ పెట్టొద్దు. అప్పుడు క్రాస్ మెంబరు (బాక్సును మోసే ఛాసీ అడ్డ దూలం) విప్పండి. ముందు సస్పెన్షన్ టార్షన్ బార్లదైతే (స్ప్రింగులా మెలితిరిగి బరువు మోసే కడ్డీలు), వాటి కొక్కేలు ఆ క్రాస్ మెంబరుకు ఉన్నాయేమో ముందే చూసుకోండి. ఉంటే, సర్దుబాటు బోల్టు ఎంత బయటికి ఉందో కొలిచి, బలం పూర్తిగా వదిలించాకే ముట్టుకోవాలి. బిగిసి ఉన్న బారు తటాలున వదిలితే ఎముకలు విరుగుతాయి.

క్రాస్ మెంబరు తీశాక ఇంజనును, బాక్సును కలిపి వెనక్కి రెండు మూడంగుళాలు వాలిస్తే పై బోల్టులు కనిపిస్తాయి. వాల్చేటప్పుడు ఒకరు బానెట్ దగ్గర నిలబడి ఫ్యాను రేడియేటరు కవరుకు తగులుతుందేమో, గొట్టాలు లాగుకుంటున్నాయేమో చూడాలి. పై బోల్టులకు సుమారు 75 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్, చివర మడిచే జాయింటు, బాక్సు వెనక నుంచి పైగా పోనివ్వాలి. బోల్టుల పొడుగులు ఒకటి కాదు. అట్టముక్క మీద బెల్ హౌసింగు ముఖం గీసి, ఏ బోల్టు ఏ చోటుదో అక్కడే గుచ్చి ఉంచండి.

బోల్టులన్నీ వచ్చాక బాక్సు ఒక సెంటీమీటరు వెనక్కి వస్తుంది. ఆగండి. టార్చి వేసి కన్వర్టరు బాక్సుతో వస్తోందా, ఇంజనుకు అతుక్కుని ఉందా చూడండి. అతుక్కుంటే స్టార్టరు రంధ్రంలోంచి బారు పెట్టి మెల్లగా బాక్సు వైపుకు తోయండి. ఇంకాస్త వెనక్కి రాగానే బెల్ హౌసింగు ముఖానికి అడ్డంగా ఒక ఇనుప పట్టీ రెండు బోల్టులతో బిగించి కన్వర్టరు జారకుండా బంధించండి. ముక్కు కిందికి వంగితే పన్నెండు పదిహేను కిలోల కన్వర్టరు, లోపలి రెండు లీటర్ల ఆయిలుతో సహా కాళ్ల మీదికి వస్తుంది. బాక్సు పది సెంటీమీటర్లు సమంగా వెనక్కి వచ్చేదాకా కిందికి దించొద్దు.

మొదటిసారి చేసేవాళ్లకు ఇద్దరికి రెండు రోజులు పడుతుంది. ఏప్రిల్, మేలో అయితే తెల్లవారి ఐదింటికి మొదలుపెట్టి పదికల్లా ఆపేయండి. చెమట చేతులతో, ఎండకు తల తిరుగుతూ వంద కిలోల బరువు కింద ఉండటం మంచిది కాదు.

ప్రశ్న: బెల్ హౌసింగు బోల్టులన్నీ తీశాం. అంగుళంలో పావు వంతు వచ్చింది, ఆపైన కదలడం లేదు. సుత్తితో కొట్టమని ఒకరు, గడ్డపారతో ఎత్తమని ఒకరు అంటున్నారు.
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: రెండూ వద్దు. ఆ హౌసింగు అల్యూమినియం పోత, దెబ్బకు చెవి ఊడి వస్తుంది.

ఎలా ఆగిందో చూస్తే ఎందుకు ఆగిందో తెలుస్తుంది. చుట్టూ సమంగా వచ్చి, వదలగానే స్ప్రింగులా వెనక్కి పోతుంటే కన్వర్టరు బోల్టు ఒకటి మిగిలి ఉంది. క్రాంకును ఒక పూర్తి చుట్టు తిప్పి లెక్క సరిచూడండి. పైన మూసుకుని కింద మాత్రమే తెరుచుకుంటే పైన బోల్టు ఉండిపోయింది. సరిగ్గా పైన, చేతికి తగలని చోట, వైరింగు క్లాంపు కింద దాక్కునే బోల్టు ఒకటి చాలా బండ్లలో ఉంటుంది. అద్దం ముక్క, టార్చి పెట్టి వెతకండి. ఒక పక్క వచ్చి ఇంకో పక్క రాకపోతే, బాక్సును సరిగ్గా చోటులో నిలిపే లొకేటింగ్ పిన్ను తుప్పుపట్టి పట్టుకుంది. పిన్నులు రెండు, ఇంజను బ్లాకులో ఎదురెదురుగా ఉంటాయి. వాటి చుట్టూ నూనె కొట్టి గంట ఆగి, జాకీని వేలెడంత పైకీ కిందికీ కదుపుతూ కోణం సరిచేస్తే చాలావరకు వదులుతుంది. బాక్సు బరువు జాకీ మీద సరిగ్గా లేకపోయినా పిన్నులు బిగుసుకుంటాయి. ఎత్తాల్సి వస్తే రెండు ముఖాల మధ్య కాదు, హౌసింగు అంచున దానికోసమే వదిలిన గాడిలో, చెక్క ముక్క ఆనించి. ఎర్త్ పట్టీ, డిప్‌స్టిక్ గొట్టం విప్పకుండా ఉండిపోయాయేమో కూడా ఒకసారి చూడండి.

ప్రశ్న: బాక్సు రిపేరు చేయించి మేమే ఎక్కించాం. బెల్ హౌసింగు చివరి అంగుళం దగ్గర ఆగితే బోల్టులతో లాగి బిగించాం. స్టార్ట్ చేస్తే కుయ్‌మని రొద, ఏ గేరు వేసినా బండి కదలదు. రిపేరు చేసినవాళ్లు తమ తప్పు కాదంటున్నారు.
– ఒక పాఠకురాలి కుటుంబం, చిత్తూరు

జవాబు: వెంటనే ఇంజను ఆపండి, మళ్లీ స్టార్ట్ చేయొద్దు. మీరు రాసినదాన్ని బట్టి కన్వర్టరు పూర్తిగా కూర్చోకముందే బోల్టులతో లాగారు. అలా లాగితే కన్వర్టరు మెడ పంపు లోపలి గేరు మీద పడి దాన్ని విరుస్తుంది. పంపు పోతే ప్రెషరు లేదు, ప్రెషరు లేకపోతే ఏ గేరూ పట్టదు. మళ్లీ దించి పంపు చూడాల్సిందే. చెప్పడానికి కష్టంగానే ఉంది, కానీ ఇలా నడిపిస్తే ఆ ముక్కలు బాక్సంతా తిరుగుతాయి, ఇప్పుడు పంపుతో పోయేది అప్పుడు మొత్తం బాక్సుకు వస్తుంది.

దీనికి ముందు ఒక్కటి మాత్రం చూడండి: ఎంత ఆయిల్ పోశారు? రెండు మూడు లీటర్లే పోసి స్టార్ట్ చేసినా ఇలాగే రొద వస్తుంది, బండి కదలదు. అదే అయితే అదృష్టం. కానీ చివరి అంగుళం బోల్టులతో లాగామన్నారు కాబట్టి ఆశ తక్కువ.

ఈసారి ఎక్కించేటప్పుడు ఇలా చేయండి. బాక్సును వెనక్కి వాల్చి, ముక్కు పైకి ఉండేలా నిలపండి. కన్వర్టరులో లీటరు, లీటరున్నర కొత్త ఆయిల్ పోయండి. మెడకు ఆయిల్ రాసి, కొత్త పంపు సీలు పెదవి మడతపడకుండా నేరుగా దించండి. రెండు చేతులతో తిప్పుతూ మెల్లగా నొక్కుతుంటే అది ఒక్కో మెట్టు దిగుతుంది. టక్, మళ్లీ టక్, మళ్లీ టక్. లోపలి షాఫ్టు పళ్లు, స్టేటరు (కన్వర్టరు మధ్యలో ఆయిల్ దిశ మళ్లించే చక్రం) పళ్లు, చివరికి పంపు గేరు. చాలామంది రెండో టక్ దగ్గర అయిపోయిందనుకుంటారు. మూడోది పడేదాకా తిప్పాలి, అది ఐదు నిమిషాలు పట్టినా సరే.

చెవిని ఒక్కదాన్నే నమ్మొద్దు, కొలవండి. బెల్ హౌసింగు ముఖం మీద వంకర లేని ఇనుప స్కేలు అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి కన్వర్టరు బోల్టు చెవుల దాకా లోతు చూడండి. ఇది దించినప్పుడు కొలిచి రాసుకోవాల్సిన కొలత. రాసుకోకపోతే బండి సర్వీసు పుస్తకంలో దొరుకుతుంది. బాక్సు ఎక్కించాక బెల్ హౌసింగు రెండు పిన్నుల మీద చేత్తోనే, ఖాళీ లేకుండా, చుట్టూ సమంగా ఆనాలి. ఆనకపోతే బోల్టు ముట్టుకోవద్దు, వెనక్కి తీసి మళ్లీ చూడండి. ఆనిన తర్వాత కన్వర్టరు చేత్తో తిరగాలి, ఫ్లెక్స్ ప్లేటుకూ దానికీ మధ్య సుమారు 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఆ సందు అంతా ముందుకు లాగి బోల్టులు బిగించాలి. సందు అసలు లేకపోతే కన్వర్టరు కూర్చోలేదు.

పాత ప్లేట్లు కాలిన బాక్సు అయితే కూలరులో, గొట్టాల్లో ఆ చెత్త ఉంటుంది. కొత్త బాక్సుకు అదే మొదటి భోజనం అవుతుంది. గొట్టాలు విడదీసి, ఆయిల్ పారే దిశకు ఎదురుగా కడిగి, గాలి కొట్టి, శుభ్రంగా వచ్చేదాకా చేయండి. రబ్బరు గొట్టాలు గట్టిపడి ఉంటే మార్చేయండి. మొగిలి ఘాట్‌లోనో భాకరాపేట ఘాట్‌లోనో ఎక్కువగా తిరిగే బండికి, అందులోనూ సామాను లాగే బండికి, రేడియేటరు ముందు విడి ఆయిల్ కూలరు పెట్టించుకోవడం మంచి ఖర్చు.

ఆయిల్ సంగతి: బండి పుస్తకంలో రాసిన రకమే పోయాలి. రంగు ఒకటే అని ఏదో ఒక ఎర్ర ఆయిల్ పోస్తే క్లచ్ పట్టు మారిపోతుంది. మొదట పాన్‌లోంచి వచ్చినంత పోసి, స్టార్ట్ చేసి, వెంటనే ఇంకొంచెం కలుపుతూ, బ్రేకు మీద గేర్లన్నీ తిప్పి, మట్టం చూస్తూ అరలీటరు చొప్పున పెంచండి. ఖాళీ బాక్సు, ఖాళీ కన్వర్టరు కలిపి ఈ తరహా బండ్లకు 8 నుంచి 12 లీటర్ల దాకా తాగుతాయి. వేడెక్కాక చివరి మట్టం. ఎక్కువ పోసినా తప్పే, తిరిగే గేర్లు ఆయిలును నురగ చేస్తాయి, నురగలో ప్రెషరు నిలవదు. ట్రాన్స్‌ఫర్ కేసులో పోయడం మర్చిపోవద్దు. హడావిడిలో ఎక్కువమంది మర్చిపోయేది అదే. ఆఖరున స్కానరు పెట్టి గేర్‌బాక్సు కంప్యూటరులోని పాత సర్దుబాటు విలువలు చెరిపించండి. పాత అరుగుదలకు అలవాటు పడిన కంప్యూటరు కొత్త ప్లేట్లను కొన్నాళ్లు కుదుపుతుంది.

ప్రశ్న: చెన్నై పుదుపేటలో పాత ఆటోమేటిక్ బాక్సు దొరుకుతోంది. అదే మోడల్, కానీ ఫోర్ బై టూ బండిదట. చాలా తక్కువ ధర. మా ఫోర్ బై ఫోర్‌కు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: అలాగే వేయలేరు. ఫోర్ బై టూ బాక్సు వెనక పొడుగాటి తోక హౌసింగు ఉంటుంది, షాఫ్టు నేరుగా ప్రొపెల్లర్ షాఫ్టుకు పోతుంది. మీ బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు బిగించే అడాప్టరు, వేరే పొడుగు అవుట్‌పుట్ షాఫ్టు ఉండాలి. ఆ షాఫ్టు మార్చాలంటే బాక్సును పూర్తిగా విప్పాలి. తక్కువ ధరలో మిగిలేది అక్కడే పోతుంది.

ఫోర్ బై ఫోర్‌దే దొరికితే, బాక్సు పక్కన ఉన్న రేకు మీది నంబరును మీ పాత బాక్సు నంబరుతో పోల్చండి. పాన్ విప్పి చూపించమనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. కన్వర్టరుతో సహా కొనండి, దాని మెడ మీద వేలు నడిపితే గాడి తగలకూడదు. మూతులు తెరిచి వానలో పడేసిన బాక్సు ఎంత చవకైనా వద్దు. వైరింగు కప్లరులో పిన్నులు, ఆకారం మీదానితో సరిపోతున్నాయా ఫోటో పక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: గేర్‌బాక్సు పాడైన బండిని ఊరి నుంచి తిరుపతికి తాడు కట్టి లాక్కురావచ్చా? న్యూట్రల్‌లో పెడితే చాలంటున్నారు.
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ఆటోమేటిక్‌ను తాడుతో లాగొద్దు. చక్రాలు తిరిగితే బాక్సు లోపలి గేర్లు తిరుగుతాయి, కానీ ఇంజను ఆడకపోతే పంపు తిరగదు, ఆయిల్ అందదు. న్యూట్రల్ దాన్ని మార్చదు. ఫోర్ బై ఫోర్‌లో ఒక వైపు చక్రాలు ఎత్తి లాగినా ఇదే గొడవ. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ బండి పిలవండి. అది దొరక్క లాగక తప్పకపోతే, చక్రాల కింద అడ్డు రాళ్లు పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ విప్పి బండిలో వేసుకుని లాగండి. వెనక షాఫ్టు జారుడు యోకు రకమైతే (బోల్టులు లేకుండా బాక్సులోకి దూర్చి ఉండేది) అది తీసిన రంధ్రంలోంచి ఆయిల్ కారుతుంది, దాన్ని పాలిథిన్‌తో గట్టిగా కట్టాలి. ఇంజను ఆగితే బ్రేకు, స్టీరింగు రెండూ బరువెక్కుతాయి కాబట్టి తాడు బదులు ఇనుప టో బారు వాడండి, ముప్పై దాటొద్దు.

ప్రశ్న: దించినప్పుడు వచ్చిన పాత ఆయిల్ పది లీటర్లు క్యానులో ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: కాలువలోనో, స్వర్ణముఖి ఒడ్డునో పోయకండి, ఆ నీళ్లే బోర్లలోకి దిగుతాయి. గేట్లకు, చెక్కలకు చెదల మందుగా పూసే అలవాటు కూడా మానండి, ఆ మసి పిల్లల చేతులకు అంటుతుంది. మూత బిగించిన క్యానులోనే ఉంచి, ఇంజను ఆయిలుతో గానీ డీజిలుతో గానీ కలపకుండా, మీరు ఆయిల్ మార్పించే సర్వీసు సెంటరుకు ఇవ్వండి. వాళ్ల దగ్గర పాత ఆయిల్ పోసే డ్రమ్ములు ఉంటాయి, రీసైక్లింగు లైసెన్సు ఉన్నవాళ్లు వచ్చి తీసుకెళ్తారు.